పసుపు కారు దిష్టి చుక్క

సారిక పొద్దున్నే అరగ్లాసు కందిపప్పు కడిగి పొయ్యి మీద పెడుతుంది. ఒక్క మనిషికి అది ఎక్కువే. తగ్గించి వండడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. ఉడికిన పప్పు కొంచెం డబ్బాలో పెట్టుకుని, గదికి తాళం వేసి, తాళాలు వేసి ఉన్న తలుపుల ముందునుంచే నడిచి మెట్లు దిగుతుంది. వరసగా ఒంటిగదులుండే ఆ చాల్ వరండాలో ఒకప్పుడు అందరూ తెలుగువాళ్లే. భివండీ అని కొందరు, బద్లాపూర్ అని కొందరు వెళ్లిపోయారు. కిందటి వానాకాలం తల్లి రత్నాబాయి పోయాక ఆ గదిలో నోరు తెరవాల్సిన పని కూడా లేకుండా పోయింది.

ముంబైలో కామాటిపుర నుంచి నాగ్‌పాడా ఎంత దూరమని! నడిచే వెళ్తుంది. అక్కడ నిలేష్ అనే ఆయన కార్ల వర్క్‌షాపులో మరకలు తీయడం ఆమె పని. నిలేష్ తాత తెలుగు మేస్త్రీయే. నిలేష్‌కి మాత్రం తెలుగులో రెండు తిట్లు తప్ప ఏమీ రావు, ఆ రెండూ తప్పుగానే పలుకుతాడు.

డబ్బున్నవాళ్లు సెలవు రోజున ఘాట్ దాటి రేస్ ట్రాక్‌కి పోయి, ముచ్చట తీరా కార్లు తోలుకుని వస్తారు. అక్కడ టైర్లు కాగి మెత్తబడతాయి. ముందు కారు విసిరిన రబ్బరు వెనక కారు తలుపులకీ, చక్రాల పైభాగానికీ బంకలా కరుచుకుంటుంది. గోటితో గీకితే రంగు లేచొస్తుంది. ముందు ఇసుక రేణువు లేకుండా నీళ్లతో కడగాలి. తర్వాత టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డను మరక మీద కాసేపు ఆనించి ఉంచాలి. మెత్తబడ్డాక ఒత్తకుండా, చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడవాలి.

మెత్తబడేటప్పుడు రబ్బరు మాట్లాడుతుంది. వేడివేడిగా అంటుకున్నప్పుడు పక్కన ఎవరు ఏమన్నారో అది ఒక్కసారి అనేస్తుంది. ఎక్కువగా "అరే, బ్రేక్ మార్!" అనే అరుపులే. ఒకాయన ట్రాక్ మీద ఉండి, ఆఫీసులో ఉన్నానని భార్యకు ఫోన్లో చెబుతుంటాడు. అప్పుడప్పుడు ఎవరో ఏడుస్తారు కూడా. గిరాకీల గుట్టు బయటపడకూడదని నిలేష్ రేడియో పెద్దగా పెట్టిస్తాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు.

సారిక ప్రతి కారుకీ ఒక మరక వదిలేస్తుంది. వెనక చక్రం పైన, లోపలి అంచున, ఎవరూ వంగి చూడని చోట. అది దిష్టి చుక్క. రత్నాబాయి కొత్త కుక్కర్‌కి కూడా కాటుక పెట్టిన మనిషి. ఆమె కూతురు అంత ఖరీదైన కార్లను బోసిగా ఎలా పంపుతుంది? ఆ చుక్క తన మాట అనేశాక, మళ్లీ గట్టిపడేలోగా, సారిక దాని దగ్గర నోరు విప్పేది. తెలుగు మర్చిపోతానేమోనని ఆమె భయం.

"ఇయాల పప్పు జేసిన. మస్తుగైంది. తినెటోళ్లు లేరు."

ఒక పసుపు కారు నెలనెలా ట్రాక్‌కి పోయి వచ్చేది. ఒకసారి అది వచ్చినప్పుడు, ఆమె వదిలిన చుక్క పక్కనే ఇంకో చుక్క కనిపించింది. గుడ్డ ఆనించింది.

"ఎవలో గాని, పప్పుల చింతపండేసినవా అమ్మా?" అంది మగగొంతు.

సారిక కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ పోయాక తను వండిన పప్పు గురించి అడిగినవాళ్లు లేరు.

"లేదు, ఆమ్‌సూల్ ఏసిన. మా ఇంట్ల అదే," అంది తన చుక్కతో. మరాఠీ వంటల్లో వేసే ఆ పుల్లటి నల్ల తొక్కలు ముంబై తెలుగిళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి.

తర్వాతి నెల జవాబు వచ్చింది. "పప్పుల ఆమ్‌సూలా! గది పప్పెట్లయితదమ్మా!"

ఆమె పైకే నవ్వేసింది. నిలేష్ రేడియో తగ్గించి మరీ చూశాడు.

అలా చుక్కలు చుక్కలుగా తెలిసింది. అతని పేరు యాదయ్య. పాలమూరు దిక్కు. ట్రాక్ కట్టేటప్పుడు కూలికి వచ్చి, అక్కడే టైర్లు మార్చే పనిలో కుదిరాడు. పెళ్లాం పోయి చాలా కాలమైంది. "పొద్దంత హిందీల హా జీ, హా జీ. తెలుగు గోడకు చెప్పుకుంట. నీ చుక్క ఎండకు కాగి మాట్లాడినప్పుడు, చేతుల పాన పట్టుకొని అట్లనే ఉండిపోయిన," అన్నాడు.

ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవచ్చుగా అంటారేమో. అడగాలని ఇద్దరికీ ఉంది, ముందుగా అడగడానికే ఇద్దరికీ మొహమాటం. సారికకు ఒంటరితనం తగ్గిందనుకుంటే పొరపాటు, నిజానికి పెరిగింది. ఇంతకుముందు ఆమె ఎవరికోసమూ ఎదురుచూసేది కాదు.

ఒకరోజు పసుపు కారును లోపలికి తోలిస్తూ నిలేష్ మరాఠీలో అన్నాడు. "తాయీ, రేపు ఈ బండికి ఒళ్లంతా ప్లాస్టిక్ ఫిల్మ్ అంటిస్తారు. ఇక రబ్బరు పట్టదు, నీకూ పని తప్పుతుంది. ఒక్క చుక్క మిగిలినా ఫిల్మ్ కింద ఉబ్బుతుంది. లైటు పెట్టి చూస్తా."

ఆమె గబగబా చక్రం దగ్గర కూర్చుని అతని చుక్క మీద గుడ్డ ఆనించింది.

"ఒక మాట అడుగుత, తిట్టకు. మీ ఇల్లు యాడ?"

అడగక అడగక ఇప్పుడా అడిగేది! జవాబు పెట్టడానికి కారు మీద చోటే లేదు. నిలేష్ లైటు తెచ్చాడు. సారిక అన్ని చుక్కలూ తుడిచేసింది, తనది కూడా. గుడ్డ మీద రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. టైరు వంక చూసింది. టైరుకు ఎవరూ ఫిల్మ్ వేయరు.

రబ్బరునంతా శనగగింజంత ఉండ చేసి, టైరు గాడిలో లోపలికంటా నొక్కింది. ఫోన్ నంబర్ చెబుదామని నోరు తెరిచి ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ ఆమెకు అంకెలు మరాఠీలోనే వచ్చు. అది విని ట్రాక్ మీద ఉన్నవాళ్లందరూ ఫోన్ చేస్తారు.

"ఫాక్‌లాండ్ రోడ్ల పాత ఇనుప సామాన్ల దుకాణం ఉంటది. దాని పక్క గల్లీల నీలం మెట్లు. పైకొస్తే ఆఖరి గది," అంది తెలుగులో. "ఐతారం ఇంట్లనే ఉంట."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఉండ ఘాట్ రోడ్డు మీదే రాలిపోయిందేమో. ముందే ఆ టైరు మార్చి పారేశారేమో. అన్నిటికన్నా పెద్ద భయం, అతను విని కూడా రావద్దనుకున్నాడేమో. ఆదివారం మధ్యాహ్నం ఆమె పప్పులో పులుపు వేయకుండా ఆపేది. పొద్దు వాలాక ఆమ్‌సూల్ వేసుకుని, ఒక్కతే తినేసి పడుకునేది.

ఒక ఆదివారం మెట్ల మీద కొత్త చెప్పుల చప్పుడైంది. ఆఖరి గది ముందు ఇస్త్రీ చొక్కా వేసుకున్న నెరిసిన జుట్టు మనిషి ఆయాసపడుతూ నిలబడ్డాడు. చేతిలో పేపరు పొట్లం. ఎంత తోమినా పోని నలుపు గోళ్లలో ఉంది.

"తొవ్వ మంచిగ చెప్పినవ్. టైరు గట్టిగనే ఒర్లింది. ఆడ నాకొక్కనికే సమజైంది," అన్నాడు. తర్వాత పొట్లం చాపాడు. "చింతపండు. మా ఊరిది తెప్పియ్యనీకె ఇన్నొద్దులు పట్టింది. పప్పు అయిపోయిందా?"

"పొయ్యి మీదుంది. పులుపు ఇంక ఎయ్యలే," అంది సారిక.

చెప్పులు విప్పడానికి అతను గుమ్మాన్ని పట్టుకున్నాడు. తెల్ల రంగు మీద నల్లగా బొటనవేలు అచ్చు పడింది. కంగారుపడి చొక్కా చేతితో తుడవబోయాడు.

"ఉండనీ," అందామె. "దిష్టి చుక్క."

ఆ పూట అరగ్లాసు పప్పు చాలలేదు.