విప్పి కుట్టిన బొంత

నా కూతురు వాళ్ల అమ్మ చేతిలోంచి సూది తీసేసింది. ఆ తరవాత మా ఆవిడ ఎంతోకాలం బతకలేదు. డాక్టరు నరాల జబ్బన్నాడు, గుండె బలహీనమన్నాడు. ఆయన చదువు ఆయనది. ఇంట్లో ఉన్నవాణ్ని నేను. జరిగింది నాకు తెలుసు.

మా ఆవిడ బొంతలు కుట్టేది. అమ్మకానికి కాదు, ఇంట్లోకి, అడిగినవాళ్లకి. చిరిగిన గుడ్డ ఏదీ మా గడప దాటేది కాదు. నా చొక్కా మోచేతుల దగ్గర చివికిపోతే వీపు భాగం బొంతలోకి వెళ్లేది. పిల్లకి గౌను పొట్టిదైతే కుచ్చిళ్లు విప్పి, ఇస్త్రీ చేసి, ముక్కలు కోసి డబ్బాలో పెట్టేది. వీధి చివర దర్జీ ఆవిణ్ని అక్కా అనేవాడు. కత్తిరింపుల సంచి తెచ్చి గుమ్మంలో పడేసి, "అక్కా, నా కొట్లో చెత్తంతా మీ మంచాల మీదే ఉంది" అనేవాడు.

"నీ కొట్లో పనికొచ్చేది అదొక్కటేరా" అనేది ఆవిడ.

మిషన్ మీద వేస్తే పూటలో అయిపోతుంది కదా అని వాడు ఎన్నిసార్లు అన్నా వినలేదు. మిషన్ కుట్టు బిర్రుగా ఉంటుందట, రెండు ఉతుకులకి బొంత అట్టలా తయారవుతుందట. చేతికుట్టు ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ఈ మాటలో అబద్ధం లేదు. నేను పడుకున్నవాణ్ని.

మా ఇంట్లో మధ్యగది నేల ఆవిడది. పొద్దున్నే మంచం ఎత్తి గోడకి నిలబెట్టేది. పాత దుప్పట్లు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు పేర్చి, మూలలకి చెక్క దిమ్మలు బరువు పెట్టేది. దిమ్మలు నేను పనిచేసే కలప అడితి నుంచి తెచ్చినవి. పొరలు జరగకుండా ముందు పొడుగు కుట్లు వేసి, ఆ తరవాత అసలు కుట్టు మొదలుపెట్టేది. వరస పక్కన వరస, దగ్గర దగ్గరగా. నేను అన్నానికి వస్తే గోడ పట్టుకుని అంచు వెంట నడిచి వంటింట్లోకి పోవాలి. పొరపాటున అడుగు పడిందా, "ఆ కాళ్లు అడితిలో దుంగల మీద పెట్టుకోండి" అనేది, తల ఎత్తకుండానే.

కూతురికి చిన్నప్పుడే నేర్పింది. దానిది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుని నేర్పితే దానికి తికమకగా ఉండేది. అందుకని ఎదురుగా కూర్చునేది. అద్దంలో చూసి జడ వేసుకున్నట్టు, తల్లి కుడిచెయ్యి చూసి అది ఎడమచెయ్యి ఆడించేది. పసిబిడ్డ బొంతకి మాత్రం కుట్టు బియ్యపు గింజ కన్నా పొడుగు ఉండకూడదని దానికి నూరిపోసింది. వదులు కుట్లలో పిల్లల కాలివేళ్లు దూరిపోతాయి, దారం బిగిస్తే వేలు కమిలిపోతుంది. ఒక కుట్టు పొడుగు పడితే వరసంతా విప్పించేది. పిల్ల ఏడ్చినా విప్పించేది. నేను అడ్డం వెళితే, మీరు మీ రంపం చూసుకోండి అనేది.

ఆవిడ చేతులు వణకడం మొదలైన ఏడు అమ్మాయి కడుపుతో ఉంది. మొదట గ్లాసులో నీళ్లు తొణికాయి. తరవాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. వేళ్ల కొసలు మొద్దుబారాయని, గుడ్డ పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియడం లేదని డాక్టరుతో చెప్పింది. చూపు కూడా మసకే. ఇది తగ్గే జబ్బు కాదని, ఉన్నంతలో ఉంచుకోవాలని ఆయన నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆవిడకి వినపడనే వినపడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, మనవడికో మనవరాలికో బొంత మొదలుపెడతానంది.

"ఇది నా చేత్తోనే పూర్తవ్వాలి. మీరెవరూ చెయ్యి పెట్టొద్దు" అంది.

పెట్టనన్నాను. నాకు ఒకే పని ఒప్పజెప్పింది. పొద్దున అడితికి వెళ్లే ముందు సూదులన్నిటికీ దారం ఎక్కించి గుడ్డ ఉండకి గుచ్చిపెట్టి పోవాలి. దుంగలు ఎత్తే చేతులు నావి. సూది బెజ్జం నాకు కనబడేది కాదు. దారం కొస నోట్లో పెట్టుకుని తడుపుతూ తంటాలు పడుతుంటే ఆవిడ నవ్వేది. "దారం తింటున్నారా, ఎక్కిస్తున్నారా? టిఫిను పెట్టలేదని వీధిలో చెప్పుకోరు కదా" అనేది.

కుట్లు నేను చూశాను. కోడి కెలికినట్టున్నాయి. ఒకటి గింజంత, పక్కది వేలెడు. వరస ఒక ముక్క మీద మొదలై ఇంకో ముక్క మీదకి జారిపోయేది. చెయ్యి పెట్టొద్దంది, పెట్టలేదు. మాట కూడా పెట్టలేదు. బిడ్డ కింద వేయడానికి పనికిరాకపోతే గోడకి తగిలిస్తాం. ఆవిడ కుట్టుకోవడం ముఖ్యం.

అమ్మాయి పక్క వీధిలోనే ఉండేది. మధ్యాహ్నాలు వచ్చేది. తల్లికి మందు ఇచ్చి పడుకోబెట్టి, వంటిల్లు సర్ది, నేను వచ్చేలోగా వెళ్లిపోయేది. మంచి కూతురని వీధంతా అనేవాళ్లు. నేనూ అన్నాను.

కొన్నాళ్లకి బొంత బాగుపడడం మొదలైంది.

పొద్దున ఆవిడ దాన్ని ఒళ్లోకి లాక్కుని, కిటికీ వెలుతురుకి ఎత్తి, ముక్కుకి ఆనించి చూసుకునేది. వరసలు తిన్నగా ఉన్నాయి. కుట్లు సన్నగా ఉన్నాయి. "చూశారా, చెయ్యి దారికొస్తోంది" అంది. నేను చూశాను. నిజమే. కుట్టేటప్పుడు పక్కన ఉండేవాణ్ని కాదు. ముందురోజు ఎలా ఉందో, మర్నాటికి ఎలా ఉందో పోల్చేంత బుద్ధి నాకు లేదు. బాగుందంటే బాగుందనుకున్నాను.

ఇక్కడే నాకు మండుతుంది. ఆవిడ నమ్మింది. నమ్మి లేచి తిరిగింది. మానేసిన అన్నం రెండోసారి వడ్డించుకుంది. పక్కింటి వదినని పిలిచి, మందు పనిచేస్తోందని చెప్పింది. దర్జీకి కబురుపెట్టి, ఇంకో సంచి ముక్కలు తెమ్మంది, ఇది అవగానే పెద్ద బొంత ఎత్తుకుంటానని. డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన ముందు చెయ్యి చాపి, "మీరు తగ్గదన్నారు" అంది. చెయ్యి ఊగుతూనే ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. ఆవిడ చేతినే చూస్తున్నాను. నిన్నటి కన్నా తక్కువే ఊగుతోందనిపించింది. నా కళ్లు నాకు అంత అబద్ధం చెప్పాయి.

చివరి పక్క మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడకి అనుమానం వచ్చింది. వరస మొదట్లో వేసే ముడి ఎప్పుడూ కుడి చివర ఉంటుంది ఆవిడకి. ఒకరోజు పొద్దున బొంత ముక్కుకి ఆనించి చూసుకుంటుంటే ముడి ఎడమ చివర కనబడింది. ఆ సంగతి నాకు అప్పుడు చెప్పలేదు. సూదులన్నిటికీ ఎర్రదారం ఎక్కించమంది.

"తెల్లదారంతో కుడుతున్న బొంతకి ఎర్రదారమేంటి?" అన్నాను.

"నాకు ముద్దొచ్చింది. ఎక్కించండి" అంది.

ఎక్కించి అడితికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి కూతురు వెళ్లిపోయింది. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. బొంత ఒళ్లో ఉంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు, దగ్గరికి రమ్మంది.

"ఇవాళ్టి వరసలు ఏ రంగు?"

"తెలుపు" అన్నాను.

"సరిగ్గా చూడండి."

చూశాను. తెలుపే. ఎక్కడా ఎర్రపోగు లేదు. గింజల్లాంటి కుట్లు, గీత గీసినట్టు. ఎర్రదారపు తునకలు తరవాత చెత్తబుట్టలో కనబడ్డాయి, బంగాళాదుంప తొక్కల కింద. అమ్మకి రంగు కూడా ఆనడం లేదనుకుని ఉంటుంది పిచ్చిది. విప్పేసి, సరైన దారంతో కుట్టిపెట్టి పోయింది.

ఆవిడ బొంత మీద చెయ్యి ఆడిస్తూ కూర్చుంది. తరవాత, "నాకన్నా బాగా కుట్టింది. ఎదురుగా కూర్చుని నేర్పాను చూడండి, ఒక్కటీ మరిచిపోలేదు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను లేచాను. పక్క వీధికి వెళ్లి అడుగుదామనే లేచాను. నా పంచె అంచు పట్టుకుంది.

"దానికి తెలియనివ్వకండి. వట్టి మనిషి కాదు. నేను సంతోషంగా ఉన్నాననే అనుకుంటోంది. అనుకోనివ్వండి."

ఒట్టు వేయించుకుంది. వేశాను.

మర్నాడు సూదులకి దారం ఎక్కించబోతే వద్దంది. మధ్యాహ్నం అమ్మాయి వస్తే, కళ్లు లాగుతున్నాయి, మిగిలిన అంచు నువ్వే పూర్తిచెయ్యమ్మా అందట. కూతురు సంబరపడి కుట్టింది. తల్లి పక్కన పడుకుని చూసిందట. ఆ తరవాత మంచం మళ్లీ గోడకి నిలబెట్టలేదు. మధ్యగదిలో మంచం, మంచం మీద ఆవిడ. దర్జీ తెచ్చిన సంచి గుమ్మంలోనే ఉంది, మూతి కూడా విప్పలేదు. అన్నం పెడితే తిన్నట్టు చేసి పళ్లెం పక్కకి జరిపేది. చెయ్యి వణకడం కనబడనివ్వకుండా దుప్పటి కింద దాచుకునేది. చేతిలో పని ఉన్నంతకాలం బతికే మనుషులు కొందరుంటారు. ఆవిడ అలాంటి మనిషి. కాన్పుకి కొద్దిరోజుల ముందు పోయింది. పొద్దున పిలిస్తే పలకలేదు.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండిన బిడ్డ, గుండ్రంగా, బాగానే ఉంది. ఒళ్లు కుదుటపడ్డాక అమ్మాయి బిడ్డని తీసుకొచ్చింది, ఆ బొంతలోనే చుట్టి. పక్కింటి వదిన, ఇంకెవరో ఆడవాళ్లు చేరారు. బొంత తిప్పి చూసి, పోయేముందు కూడా ఎంత బాగా కుట్టిందమ్మా మహాతల్లి అన్నారు. అమ్మాయి తలూపింది. వాళ్లు వెళ్లాక నా పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెప్పాలి నాన్నా అంది. చెప్పింది. రోజూ అమ్మ పడుకున్నాక విప్పేదాన్ని. కడుపు అడ్డం వచ్చి నడుం పట్టేసేది. అయినా విప్పి కుట్టేదాన్ని. ఆ కుట్ల మీద బిడ్డని పడుకోబెట్టలేను, పడుకోబెట్టనని అమ్మకి చెప్పనూ లేను. ఇలా చెప్పుకుపోయింది. ఏడుస్తోంది, కానీ మొహం తేటగా ఉంది.

"చివరిదాకా అమ్మకి తెలియలేదు నాన్నా. తనే కుట్టాననుకుంటూ పోయింది. నాకు అదే తృప్తి" అంది.

నేను ఒట్టు వేశాను. నిజమే. కానీ ఆ తృప్తి నా పక్కనే కూర్చుంది, నా ఇంట్లో, ఆవిడ మంచం మీద.

"తెలుసు" అన్నాను.

అర్థం కాలేదు దానికి.

"మీ అమ్మకి తెలుసు. ఎర్రదారం నేనే ఎక్కించాను. ఆవిడ ఎక్కించమంది. సాయంత్రానికి తెల్లదారం ఉంది. ఆ రోజు నుంచి సూది ముట్టలేదు."

బిడ్డ ఏడుస్తున్నా వినబడనట్టు కూర్చుంది. తరవాత అడిగింది, అమ్మ ఏమంది నాన్నా అని. నేను కండువా భుజాన వేసుకుని అడితికి పోయాను. ఆ రోజు నాకు పని లేదు. కోసిన పలకలు ఎండకి తిరగేస్తూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

ఆ తరవాత వచ్చినప్పుడల్లా అదే అడుగుతోంది. అల్లుణ్ని పంపింది. అతను మంచివాడు, నా ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడతాడు. పాపకి పాలు సరిగ్గా పట్టడం లేదని, ఎప్పుడు చూసినా ఏడుపేనని చెప్పి, "మామయ్యా, అత్తయ్య ఏమన్నారో ఒక్క మాట చెప్పండి. తిట్టినా సరే, తిట్టారని చెప్పండి" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను. దర్జీ వచ్చాడు. కన్నకూతురు బావా, ఎన్నాళ్లు అన్నాడు. నీ కొట్టు నువ్వు చూసుకో అన్నాను. వాడు ఆ తరవాత రాలేదు.

అది బిడ్డ మంచికే చేసిందంటారు. తల్లి నేర్పిందే చేసిందంటారు. నాకు తెలియదా? పొడుగు కుట్లు ఆవిడే విప్పించేది, నా కళ్లెదుటే. కానీ తగ్గిపోతోందని నమ్మినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరం. ఒకరు పోయారు. రెండోవాణ్ని ఓదార్చమని ఎవరూ దర్జీని పంపలేదు.

మొన్న మళ్లీ వచ్చింది. లోపలికి రాలేదు. బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది. నేను పీట మీద కూర్చుని గొడ్డలి పిడి చెక్కుతున్నాను.

"తిట్టిందా నాన్నా?" అంది. "అది చాలు. అవును, కాదు. నోటితో చెప్పక్కర్లేదు, తలూపు."

ఊపితే అయిపోయేది. నాకన్నా బాగా కుట్టిందన్న మాట చెబితే ఆ పూటే అన్నం తినేది. ఆ మాట నా దగ్గరుంది. ఆవిడ నాతో అన్న మాటల్లో అదొక్కటే ఇంకెవరూ విననిది. దాన్ని కూడా ఇవ్వమంటే ఇవ్వను.

"ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు" అన్నాను. "నువ్వెత్తినా నేను మాట్లాడను."

బిడ్డని భుజం మార్చుకుని వెళ్లిపోయింది. మళ్లీ వస్తుంది, అడుగుతుంది. దాని ఇష్టం. నేను మాట్లాడను. దానితోనే కాదు, ఎవరితోనూ, ఎప్పుడూ.