నూరు వరహాల కుండీ

మా ఆయన వంశీధర్ తాగిన గ్లాసు తీసుకెళ్లి సింకులో పెట్టిన మనిషి కాదు. అలాంటివాడు ఈ పొద్దున బాల్కనీలోని నూరు వరహాల కుండీని రెండు చేతులా ఎత్తి, కింద పేపరు పరిచి మరీ హాల్లో పెట్టాడు. నేను బయటున్నానని, నా గాలి సోకితే చెట్టు మాడిపోతుందని అత్తయ్య అంది. చెట్టు లోపలికి, చాపతో సహా నేను బాల్కనీలోకి. సూరత్ పక్కన ఈ హజీరా కంపెనీ క్వార్టర్సులో మైలకి వేరే గది ఎక్కణ్ణుంచి వస్తుంది మరి.

నాకు కావలసింది ఆ పూలే. కాలేజీ ల్యాబులో కొన్నాళ్లుగా వాటి సారం తీసి పరీక్షిస్తున్నాను. టానిన్లున్నాయి, ఫ్లేవనాయిడ్లున్నాయి. విరేచనాలకీ, నెలసరి నొప్పికీ మన పెద్దవాళ్లు ఊరికే వాడలేదనిపిస్తోంది. ఆరబెట్టిన పూలకి సూరత్ వానగాలికి బూజు పట్టింది. అదే చెట్టు పూలు ఈరోజు తేకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తానని మా ల్యాబు సార్ చెప్పేశారు. ఆ మాటే ఇంట్లో అంటే, మూడు రోజులు సెలవు పెడితే కొంపలేం మునగవన్నాడు వంశీ. పొత్తికడుపు మెలిపెడుతుంటే, ఆ నొప్పికి మందనే పూలని గాజు తలుపు ఇవతలనుంచి చూస్తూ కూచున్నాను.

అత్తయ్య దేవుడికని ఒక గుత్తి తుంచుతూ, "నీ చెయ్యి పడకపోబట్టే ఇంత కళగా ఉందమ్మాయ్" అంది. వంశీ ఫోనులోంచి తలెత్తలేదు. అతన్ని చూస్తే నాకు వికారం వచ్చింది.

పోయినేడు వానాకాలంలో అత్తయ్య రాజమండ్రి వెళ్లినప్పుడు ఇతనికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. నాకప్పుడు రెండో రోజు. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ పూలే కోసి, కషాయం కాచి, తల పైకెత్తి పట్టుకుని తాగించాను. పాడుచేసిన దుప్పట్లన్నీ ఉతికాను. అప్పుడు మైల గుర్తురాలేదు. తేరుకున్నాక మాత్రం అమ్మకి చెప్పొద్దన్నాడు. ఇన్నాళ్లూ చెప్పకుండా ఊరుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

తలుపు తోసుకుని హాల్లోకి వచ్చాను.

"ఇందూ, వద్దు" అన్నాడు వంశీ మెల్లగా.

ఏది వద్దంటున్నాడో నాకు తెలుసు. కుండీ ముందు కూచుని గుత్తులన్నీ తెంపి సంచిలో వేసుకున్నాను.

"పోయినేడు మీ అబ్బాయికి కషాయం కాచింది ఈ చేత్తోనే అత్తయ్యా, ఇలాంటి రోజునే. ఆయనకీ తెలుసు. చెట్టూ మాడలేదు, ఆయనా మాడలేదు."

చెప్పులు వేసుకుని వంశీ వైపు తిరిగాను.

"ఆ కుండీ తీసి మళ్లీ బాల్కనీలో పెట్టండి. ఎండ లేకపోతే అది నిజంగానే చచ్చిపోతుంది."