పెట్టెలో వచ్చిన వైరు

పొద్దున్న ఆరింటికి, మామిడికాయలు తుడవడానికి పాత పంచెలు ముక్కలుగా చింపుతున్న అత్తగారి దగ్గరికి వెళ్లి, గుమ్మం ఇవతలే ఆగి, నేను బయట చేరానండీ అని చెప్పాను. అది అబద్ధం. రావాల్సిన తేదీ దాటి అప్పటికి తొమ్మిది రోజులైంది. ఎందుకు రాలేదో నాకు తెలీదు, తెలుసుకునే వీలూ లేదు. పరీక్ష కిట్టు కొనుక్కుందామంటే ఆగిరిపల్లిలో మందుల షాపు మా ఆయన స్నేహితుడిది. అయితే ఆ తొమ్మిది రోజుల్నీ అత్తగారు పుష్పవతి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారని మాత్రం నాకు తెలుసు. అయిదో రోజు నుంచీ పొద్దున్నే నాకు గ్లాసుడు పాలు వచ్చేవి. నాలుగేళ్ల కాపురంలో ఆ ఇంట్లో నా కోసమని ఎవరైనా ఒకటి కాచి ఇవ్వడం అదే మొదలు. నా మాట విన్నాక ఆవిడ పంచె చింపడం ఆపి నా పొట్ట వైపు చూశారు. "కాపు రాని చెట్టుకి నాలుగేళ్లు ఎరువేస్తాం, అయిదో ఏడు కోయించేస్తాం. మనిషిని ఏం చేస్తాం?" అన్నారు. ఇంకో పంచె తీసుకున్నారు.

ఆ ఇంట్లో ఈ ముట్టు పట్టింపు ఏడాది పొడుగునా ఉంటుందనుకునేరు. అదేం లేదు. మిగతా నెలల్లో నడుం పడిపోతున్నా సరే వంటింట్లోనే ఉండాలి, లేకపోతే అందరికీ ఎవరు వండుతారు? ఆవకాయ పెట్టిన రోజు నుంచి మూడో రోజు తిరగగలిపేదాకా మాత్రం, బయట చేరితే, నేను అంటరానిదాన్ని. పన్నెండు జాడీలు కలుపుతారు, బంధువులకీ మా కాయలు కొనే వ్యాపారులకీ పంపుతారు, అది ఇంటి పరువు. రెండేళ్ల కిందట ఒక జాడీకి బూజు పట్టింది. మూత సరిగ్గా పెట్టనిది మా ఆయనే. చెప్పకుండా ముట్టుకున్నానని నేరం మాత్రం నా మీద పడింది. వరండాలో నిలబెట్టి నన్ను తేదీలు అడిగారు. అది చాలక మా అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, కూతురికి ఇదేనా నేర్పింది అని అడిగారు. అమ్మ అటువైపు నుంచి క్షమించమంది. నేను చేయని తప్పుకి అమ్మ క్షమాపణ చెబుతుంటే విన్న ఆ రోజే నాకొక సంగతి తట్టింది. ఈ ఇంట్లో నన్నూ నా వస్తువుల్నీ ఎవరూ ముట్టుకోని రోజులు ఏడాదికి మూడున్నాయి. అందుకే ఈ వేసవిలో, ఇంటర్వ్యూకి ఏ తేదీ వీలవుతుందని కంపెనీవాళ్లు అడిగితే, ఆవకాయ తేదీ రాశాను.

నేను ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్స్ చదివాను. అప్పుడు వాళ్లిచ్చిన లాప్‌టాప్ ఇప్పటికీ నా దగ్గరుంది, అందులో లినక్స్ వేసుకున్నాను. విండోస్ లేదు కాబట్టి మా ఆయన అభిరామ్ దాన్ని డబ్బా అంటాడు. ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడ ఇంజనీరండీ, మా ఇన్వర్టర్‌కి నీళ్లు పోస్తుంది" అని పరిచయం చేస్తాడు. వాళ్లు నవ్వేదాకా ఆగి తర్వాత నన్ను కాఫీ తెమ్మంటాడు. పోయినేడు నాకొక ఇంటర్వ్యూ వస్తే, అది సగంలో ఉండగా హాల్లో వైఫై పెట్టె పీకేశాడు. ఎందుకండీ అంటే ఫ్యాను ప్లగ్గనుకున్నానన్నాడు, అన్నం కలుపుకుంటూ. మర్నాడు లాప్‌టాప్ చెయ్యి జారి కింద పడింది. ఆయన చెయ్యే. అప్పటినుంచి దానికి వైఫై అందదు, లోపలి కార్డు పోయింది. బాగు చేయించమని నేనడగలేదు. ఫోనుకీ లాప్‌టాప్‌కీ మధ్య వైరు పెడితే ఫోనులోని నెట్ లాప్‌టాప్‌కి వస్తుందన్న సంగతి ఆయనకి తెలీదు, తెలియనివ్వలేదు. కూరల వీడియోలు చూసుకోవడానికని ఫోను నాకు వదిలేశాడు.

బయట చేరినవాళ్లకి ఆ ఇంట్లో ఇచ్చే చోటు పెరట్లో ప్లాస్టిక్ ట్రేలు పెట్టే షెడ్డు. నాలుగు ట్రేలు బోర్లించి బల్ల చేసుకున్నాను. ఇంటర్వ్యూ పదకొండింటికి. తొమ్మిదింటికి వైరు తగిలిస్తే ఫోనులో చార్జింగ్ గుర్తు వచ్చింది, అంతే. ఫోను నెట్‌ని వైరులోకి వదిలే యూఎస్‌బీ టెథరింగ్ అనే మీట బూడిద రంగులోనే ఉంది, ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు. లాప్‌టాప్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో జాబితా రప్పించి చూస్తే అందులో నా ఫోను లేదు. అప్పుడు వైరు వైపు చూశాను. వారం కిందట పరీక్ష చేసుకున్నది టీవీ దగ్గరుండే తెల్ల వైరుతో. హడావిడిలో సంచిలో వేసుకొచ్చింది ముసునూరులో బండి మీద కొన్న నల్లది. దాంట్లో కరెంటు తీగలే ఉంటాయి, సమాచారం మోసే తీగలుండవు. అచ్చం ఆ ఇల్లు లాంటి వైరు, పని చేయడానికి సరిపడా తిండి పెడుతుంది, మాట మాత్రం అటూ ఇటూ పోనివ్వదు. నా మీద నాకే అసహ్యం వేసింది. తెల్ల వైరు ఇరవై అడుగుల దూరంలో ఉంది. లోపలికి అడుగుపెడితే నా అబద్ధానికి నేనే జవాబు చెప్పుకోవాలి.

పెరట్లో కనకమ్మ కాయలు ముక్కలు కొడుతోంది. మా తోటలో కూలికొచ్చే మనిషి. ఆవిడని వెనక వరండా దాటి లోపలికి రానివ్వరు, ఏడాదిలో ఏ రోజూ రానివ్వరు. నాకు మూడు రోజులకే ఊపిరాడదు. వాళ్ల పేటలో కరెంటు నిలకడగా ఉండదని ఆవిడ వరండా ప్లగ్గుకి ఫోను పెట్టుకుంటుంది. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, వైరు కాసేపు ఇస్తావా కనకమ్మా అని అడిగాను. చేతులు తుడుచుకుని తన ఫోను నుంచి ఊడదీసి తెచ్చింది. "ఇది ఫోను పెట్టెలో వచ్చిందేనమ్మా, మంచిది" అంది. కింద పెట్టమన్నాను. ఆవిడ పెట్టలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి, ముక్కలు కొడుతున్న ఆ చేత్తోనే నా చేతిలో పెట్టింది. నాది అబద్ధమని ఆవిడకి తెలిసిపోయింది. వెళ్లి మళ్లీ కత్తి పట్టుకుంది.

ఈసారి జాబితాలో ఫోను పేరు వచ్చింది. మీట కదిలింది. లాప్‌టాప్‌లో చూస్తే యూఎస్‌బీ జీరో అని కొత్త దారి ఒకటి కనిపిస్తోంది, కానీ నెట్‌లోకి వెళ్లడానికి దానికి ఉండాల్సిన అంకెల అడ్రసు లేదు. అడ్రసు ఇమ్మని ఒక లైను టైప్ చేశాను. నూట తొంభై రెండుతో మొదలయ్యే అంకెలు వచ్చాయి. పెళ్లయ్యాక నేను అడగ్గానే నాకు దొరికింది అదొక్కటే.

తెర మీద ఇద్దరున్నారు, పెద్ద ఆవిడే ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు. అరగంట బాగానే గడిచింది. జాడీలెత్తడానికి స్నానం చేసి వరండాలోకి వచ్చిన మా ఆయనకి షెడ్డులోంచి ఇంగ్లీషు వినబడింది. గుమ్మం దాకా వచ్చి చూశాడు. తిన్నగా హాల్లోకి వెళ్లాడు. నాకు తెలుసు ఎందుకెళ్లాడో. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు, ఈసారి వైఫై పెట్టెని చేతిలో పట్టుకుని, దాని వైర్లు వేలాడుతుండగా. తెర మీద ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, నేను జవాబు చెబుతూనే ఉన్నాను. ఆయన చేతిలోని పెట్టె వంకా నా వంకా చూసి లోపలికి అడుగేశాడు. వరండాలోంచి అత్తగారు అరిచారు: "ఒరేయ్, స్నానం చేసున్నావు, దాన్ని ముట్టుకోకు. పన్నెండు జాడీలు పాడైపోతాయి." అడుగు వెనక్కి తీసుకున్నాడు. గుమ్మంలో నిలబడే గొంతు పెంచి, చాలా మర్యాదగా అన్నాడు: "సార్, మా ఆవిడకి మతిస్థిమితం లేదండీ. మందులు వాడుతున్నాం. ఏమనుకోకండి."

చచ్చిపోతే బాగుండుననిపించింది. తెర మీద పెద్దావిడ తెలుగులో, మీరు బాగానే ఉన్నారా, ఇంకోరోజు పెట్టుకుందామా అని అడిగారు. ఇంకోరోజంటే వచ్చే ఏడు ఆవకాయ.

"వద్దండీ. పక్కన చప్పుడు, అంతే. మీరు అడగండి" అన్నాను.

ఆవిడ, సరే, ఇప్పుడు మీరు ఏ కనెక్షన్ మీద మాట్లాడుతున్నారో చెప్పండి అన్నారు. చెప్పాను. లాప్‌టాప్‌కి వైఫై కార్డు పోయిందని, ఇంట్లో వైఫై పెట్టె పీకేసి ఉందని, ఫోనుని వైరుతో తగిలించానని, అడ్రసు రాకపోతే ఎలా రప్పించానో కూడా, ఒక్కొక్కటీ మా ఆయన మొహంలోకి చూస్తూ చెప్పాను.

ఆ రెండు రోజులూ నా కంచం నేల మీద జరిపేవారు. ఆయన ఒకే ఒక్కసారి షెడ్డు ముందు ఆగాడు. "మూడో రోజు స్నానం చేసి లోపలికి వస్తావుగా. అప్పుడు చెబుతా" అన్నాడు. ఆ చెప్పడం ఎలా ఉంటుందో నా భుజానికి తెలుసు.

మూడో రోజు ఎనిమిదింటికి మెయిల్ వచ్చింది. విజయవాడ ఆఫీసులో సోమవారం చేరమన్నారు. నేను స్నానం చేయలేదు. ఆటోకి ఫోన్ చేసి, సంచి భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాను. వరండాలో అత్తగారు మొదటి జాడీ బేసిన్‌లోకి వంచి తిరగగలుపుతున్నారు, మోచేతుల దాకా కారం, నూనె. కనకమ్మ వైరు కనకమ్మ చేతిలో పెట్టాను. మా ఆయన, స్నానం చేసిన మనిషి, దారికి అడ్డంగా వచ్చి చెయ్యెత్తాడు. "ముట్టుకోకురా" అన్నారు అత్తగారు, తలెత్తకుండానే. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. నేను జానెడు దూరంలోంచి దాటుకుని వెళ్లాను. గేటు అవతల ఆటో ఆగింది.

"పోనీరా. ఉండి మాత్రం ఏం కాసింది" అన్నారు ఆవిడ.

నేను ఆటోలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాను. గేటులోంచి ఆవిడ కనబడుతున్నారు, చేతులు ఇంకా ఆవకాయలోనే ఉన్నాయి.

"అత్తయ్యా, మొన్న నేను అబద్ధం చెప్పానండీ. నాకు రాలేదు. ఇవాళ్టికి పదకొండో రోజు."