ఒక్కొక్కరే రావాలి

సరోజ చెయ్యి రోలర్ల మధ్యకు పోయినప్పుడు నీరజ ఆమెకు రెండడుగుల దూరంలో ఉంది. పరోటా పిండిని పలచగా సాగదీసే మెషీన్ అది. నాలుగు వేళ్ళు నలిగిన చప్పుడు నీరజ తన చెవులతో విన్నది. రోలర్ల ముందుండాల్సిన ఇనుప జాలీని ఓనర్ వంశీధర్ నెల క్రితమే ఊడదీయించాడు. జాలీ ఉంటే పని నిదానమవుతోందట.

అంబులెన్స్ రాలేదు, కాగితం వచ్చింది. సరోజ తన ఇంట్లో గరాజ్ తలుపు కింద చెయ్యి పెట్టి నలగ్గొట్టుకుందని అందులో రాసి ఉంది. ఐదుగురితో కలిసి బేస్‌మెంట్‌లో అద్దెకుండే మనిషికి గరాజ్ ఎక్కడిది? అయినా సరోజ ఎడమ చేత్తో గీసింది. కింద సాక్షిగా నీరజ సంతకం పెట్టింది. అప్పుడు గానీ వంశీధర్ కారు హాస్పిటల్ దారి పట్టలేదు.

నీరజ పిరికిది కాదు. కానీ ఆమె వర్క్ పర్మిట్ మీద ఉన్నది వంశీధర్ కంపెనీ పేరు. అక్కడ తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. ఆ పని పోతే ఈ దేశంలో చోటు పోయినట్టే. కెనడాలో, కిచెనర్ ఊరి చివర ఆ ఫ్యాక్టరీలో పనిచేసే పన్నెండు మంది తెలుగువాళ్ళ జుట్టూ ఇలాగే ఆ మహానుభావుడి గుప్పిట్లో ఉంది.

ఆయనకో పద్ధతి ఉంది. శనివారం షిఫ్ట్ దిగాక మేడ మీద ఆఫీసులో దర్బారు పెట్టి అందరి కష్టసుఖాలూ వింటాడు. బూట్లు బయట విడిచి ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి, వెళ్ళగానే తలుపు మూసుకుంటుంది. పర్మిట్ రెన్యూవల్ సంగతి ఎత్తితే, "అది నేను చూసుకుంటాలే. ఇంతకీ మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారు?" అని అడుగుతాడు.

సరోజ వేళ్ళు పోయిన వారం కూడా దర్బారు ఆగలేదు. నీరజకు ఒక లడ్డూ ఇచ్చి, "వీళ్ళందరిలో నువ్వొక్కదానివే నా మనిషివి" అన్నాడు. నీరజ ఆ లడ్డూ తిన్నది. అందుకే వంశీధర్ మీద ఎంత కసో, తన మీద తనకు అంత కసి.

పన్నెండు మందీ ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఇంగ్లీషు నేర్చుకుంటారు. పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే స్థిరపడే హక్కుకి, అప్లై చేయాలంటే ఆ పరీక్ష పాసవ్వాలి. చెప్పేది భ్రమరాంబ గారు, ముప్పై ఏళ్ళు యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆ దర్బారు మర్నాడు చదివిన ఇంగ్లీషు పాఠం, రెండున్నర శతాబ్దాల క్రితం జనం రాజుల మీద ఎందుకు తిరగబడ్డారని.

"ఇంగేముంది మేడమ్, కడుపు కాలింది" అన్నాడు ప్యాకింగ్‌లో పనిచేసే శ్రీరాములు. కడప జిల్లా మనిషి.

"కడుపు వెయ్యేళ్ళ నుంచీ కాలుతూనే ఉంది నాయనా. అన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు మరి?"

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రాజుకి అధికారం దేవుడిచ్చాడని నమ్మారు కాబట్టి. కొందరు పుస్తకాలు రాసి, ఏదీ, దేవుడిచ్చిన ఆ కాగితం చూపించమన్నారు. లేదు! జనం ఒప్పుకుంటేనే ఎవడికైనా అధికారం అన్నారు. ఆ మాట కాఫీ హోటళ్ళకి పాకింది, సంతలకి పాకింది. ఇంతలో ఫ్రాన్సులో ఖజానా ఖాళీ అయ్యి, మీ బాధలు రాసి పంపండని రాజే ఊరూరికీ కబురు పెట్టాడు. రాయాలంటే ఊరు ఊరంతా ఒకచోట కూర్చోవాలి కదా. నా ఇంటి బాధ అనుకున్నది అందరి బాధేనని అప్పుడు తెలిసింది. ఆ వేసవిలోనే రాజు చెరసాల కోట కూలింది."

"ఒక్కొక్కలే పొయ్యి చెప్పుకుంటే ఏమయ్యేది మేడమ్?" అని నీరజ అడిగింది.

"ఇంకో వందేళ్ళు చెప్పుకుంటూనే ఉండేవాళ్ళమ్మా."

నీరజ లేచి నిలబడింది. "నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి. నువ్వొక్కదానివే నా మనిషివన్నడు నాతోని. మీ ముచ్చట్లన్నీ నేనే మోసిన. శ్రీరాములన్న వేరే పని దేవులాడుతుండని చెప్పింది నేనే."

శ్రీరాములు కుర్చీ వెనక్కి పడింది. "నువ్వా! నా రెన్యూవల్ ఆపిచ్చింది నువ్వా!"

పిడికిలి ఎత్తినవాడు కొట్టలేక అలాగే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాతో గూడా అదే మాట అన్న్యాడు. నువ్వొక్కడివే నా మనిషివని. జాలీ గురించి గవర్నమెంటుకి ఫోన్ చేస్తానని సరోజమ్మ అంటాంటే, పోయి జెప్పింది నేను."

"ఆ మర్నాడే కదండీ నన్ను ఆ మెషీన్ మీదకి మార్చారు" అంది సరోజ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఇక ఒకరి తర్వాత ఒకరు కక్కారు. పన్నెండు మందిలో మోయనివాడు లేడు, లడ్డూ తిననివాడు లేడు. ఒకరి గొయ్యి ఒకరు తవ్వుకుంటుంటే, గట్టు మీద కూర్చుని రాజ్యమేలాడు వంశీధర్.

"మీ మీద కోపం తర్వాత తీర్చుకుంటానండి" అంది సరోజ. "ముందు ఆయన్ని వదలొద్దు."

అక్కడే గవర్నమెంటుకి కంప్లైంట్ రాశారు. "ఓనర్ చేతిలో దెబ్బతిన్నవాళ్ళకి వేరే పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది. వస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది భ్రమరాంబ గారు. నీరజ మొదటి సంతకం తనదే పెట్టింది. పన్నెండూ పడ్డాయి.

గురువారం చెప్పకుండా లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. వంశీధర్ మొహం చూడాలి! తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ, "వీళ్ళకి ఇంగ్లీష్ రాదు మేడమ్. నా ఆఫీసులోకి ఒక్కొక్కరినే పిలుద్దాం, నేను ట్రాన్స్‌లేట్ చేస్తా" అన్నాడు.

"మాకు ఇంగ్లీష్ వచ్చు. అందరం ఇక్కడే చెప్తాం" అంది నీరజ ఇంగ్లీషులోనే. లైన్ ఆగిపోయింది. పన్నెండు మందీ ఆగిన మెషీన్ చుట్టూ నిలబడ్డారు.

"జాలీ పొద్దున క్లీనింగ్‌కి తీశాం. అది లేకపోయినా ఇది సేఫే" అన్నాడు వంశీధర్.

"సేఫ్ అయితే చెయ్యి పెట్టుండ్రి సార్" అంది నీరజ. "స్విచ్ కాడ నేనుంట."

"ఏం కూస్తున్నావ్?"

"పెట్టండి సార్" అన్నాడు శ్రీరాములు. "పెట్టండి" అన్నారు అందరూ. ఆయన రోలర్ల వైపు చూశాడు. స్విచ్ మీదున్న నీరజ వేలి వైపు చూశాడు. చెయ్యి జేబులో దాచుకున్నాడు. ఆ క్షణాన ఆయన చెయ్యి పెట్టి ఉంటే నీరజ నొక్కేదే. అబద్ధమెందుకు, ఆమె ఒళ్ళంతా అదే కోరుకుంది. కానీ అంత పెద్దమనిషి పన్నెండు మంది ముందు చెయ్యి దాచుకోవడం చూశాక, ఆమె స్విచ్ మీంచి వేలు తీసింది.

"గరాజ్ కాగితం అబద్ధం. సాక్షి సంతకం నాది. రాసుకోండి" అంది ఇన్‌స్పెక్టర్‌తో.

మెషీన్‌కి, ఇక నడపకూడదని ఎర్ర ట్యాగ్ పడింది. సాయంత్రానికి పన్నెండు మందికీ పనిలోంచి తీసేసినట్టు ఈమెయిళ్ళు వచ్చాయి. భయపడ్డారా? పడ్డారు. సోమవారం పొద్దున మంచులో గేటు ముందుకు మాత్రం పన్నెండు మందీ వచ్చారు.

ఏడింటికి తెల్ల వ్యాన్ ఒకటి వచ్చింది. గంట దూరంలో, కెనడాలోనే ఉన్న లండన్ ఊరి నుంచి తెచ్చిన కొత్త మనుషులు, ఎనిమిది మంది తెలుగు స్టూడెంట్లు. నీరజ అద్దం మీద కొట్టింది. ముందు సీట్లో ఉన్న అమ్మాయి దించింది. పేరు సాత్విక అట.

"ఏమైందక్కా? ప్యాకింగ్ వర్క్ ఉందంటే వచ్చాం."

నీరజ చెప్పింది. సరోజ కట్టు విప్పి చూపించింది. మేడ మీద కిటికీ తెరిచి వంశీధర్ అరుస్తున్నాడు. "వాళ్ళతో మాట్లాడొద్దు! లోపలికి రండి! మీ పేపర్లన్నీ నేను చూసుకుంటా!"

సాత్విక తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చేతిని ఇంకోసారి చూసింది. లంచ్ బాక్స్ తీసుకుని దిగి, సరోజ పక్కన నిలబడింది. వెనక తలుపు జరిగింది. ఇద్దరు దిగారు, మరో ముగ్గురు దిగారు, మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని దిగారు.

వ్యాన్ ఖాళీగానే గేటు లోపలికి పోయింది.