ఒంటి పిలుపు

మిషను వాళ్ళు బోర్డు మీద వృద్ధుల శరణాలయమని రాయించారు. బోగోలు చుట్టుపక్కల వాళ్ళు మాత్రం ముసలమ్మల బంగళా అనేవాళ్ళు. పేరు ఏదైతేనేం, దిక్కులేని ఆడవాళ్ళకు అక్కడ ఒక మంచం ఉండేది, వేళకింత గంజి, మందు ఉండేవి. నీ కులమేమిటి, నీ దేవుడెవరు అనే పనికిమాలిన ప్రశ్నలు ఉండేవి కావు. సరుగుడు తోపు దాటితే సముద్రమే. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో అక్కడ జరిగిన సంగతి ఇది.

చెంచమ్మ ఆ బంగళాలో ఆయా. సముద్రపొడ్డు చేపలవాళ్ళ పల్లె, పట్టపుపాళెం మనిషి. ఒళ్ళు దాచుకోవడం ఎరగదు, పుండ్లు కడిగినా మలం ఎత్తినా ముక్కు చిట్లించేది కాదు. ఆమెతో ఒక్కటే చిక్కు. ఎవరైనా ఒక్కసారి పిలిస్తే పలకదు. మళ్ళీ పిలవాలి, అప్పుడు ‘ఓయ్’ అంటుంది. దయ్యానికి రెండోసారి పిలిచే శక్తి ఉండదని ఆ తీరంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. చెంచమ్మకు అది ఊరికే విన్న మాట కూడా కాదు. ఆమె మొగుడు మునెయ్య ఒక సాయంత్రం గుడిసె ముందు వల బాగుచేసుకుంటూ, ఎవరో పిలిచినట్టుంటే ‘ఆఁ, వస్తా ఉండా’ అని లేచాడు. చూస్తే ఎవరూ లేరు. మర్నాడు తెప్ప ఒడ్డుకొచ్చింది. మునెయ్య రాలేదు.

ఈ పట్టు మాన్పించబోయి నర్సు నవోమికి తల ప్రాణం తోకకు వచ్చింది.

“రేపు ప్రభువు పిలిచినా ఇంకోసారి పిలవమంటావా ఏందమ్మే?” అంది ఒకరోజు.

“ఆయన దేవుడు గదమ్మా. రెండుసార్లు పిలిచే ఓపిక ఆయనకుండదా?” అంది చెంచమ్మ.

నవోమి నవ్వాపుకోలేక మందుల గదిలోకి వెళ్ళిపోయింది. అప్పటికది నవ్వులాటే.

కిటికీ పక్క మంచం మీద మాలకొండమ్మ ఉండేది. మెట్ట ప్రాంతపు రైతింటి ఆడది. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి గాని, నోరు పడిపోలేదు. దాహమైతే చాలు, ‘ఒసే చెంచా, ఒసే, చెవుల్లో సీసం పోసుకున్నావా ఏందే’ అని పెంకులు ఎగిరేట్టు అరిచేది. అందువల్లనే ఆ మధ్యాహ్నం పొరపాటు జరిగింది. ముసలమ్మలంతా అన్నాలు తిని కునుకు తీస్తున్నారు. చెంచమ్మ వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లోపల నుంచి ‘చెంచమ్మా’ అని మెల్లగా ఒక్క పిలుపు వచ్చింది. మాలకొండమ్మ ఇంత మెత్తగా పిలవదు, నిండు పేరు పెట్టి అసలే పిలవదు. మరి ఈ పిలిచిందెవరు? చెవులు రిక్కించి రెండో పిలుపు కోసం చూసింది. రాలేదు. బతికిపోయాననుకుని మళ్ళీ చేటలో చెయ్యి పెట్టింది.

పని ముగించి లోపలికి వెళ్ళేసరికి మాలకొండమ్మ చెయ్యి మంచం పట్టె మీదుగా కిందికి వేలాడుతోంది. అందని గ్లాసు నేలమీద దొర్లి ఉంది. పెదవులు బీటలు వారి ఉన్నాయి. ప్రాణం పోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. అన్నాళ్ళు ఆమె నోటికి జడిసినవాళ్ళంతా, ఎంత మంచి మనిషో అని కళ్ళొత్తుకున్నారు. ఒక్క సుల్తాన్‌బీ ఏమీ అనలేదు. ఆమెది పక్క మంచమే. కావలిలో గాజుల వ్యాపారి భార్య, బిడ్డలు లేరు, మొగుడు పోయాక ఇక్కడికి చేరింది. తుంటి ఎముక విరిగి లేవలేని మనిషి. గొంతులో పుండు, కేక పెట్టే వీల్లేదు. చూస్తూ పడుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. రెండు రోజులాగి చెంచమ్మను దగ్గరకు రమ్మని సైగ చేసింది.

“అది దప్పికతో పొయ్యింది,” అంది గుసగుసగా. “అరిచే ఓపిక ల్యాకపాయ దానికి. ఉన్న ఊపిరంతా కూడగట్టుకోని ఒక్కసారి పిలిచింది. నేను చూస్తానే ఉండా.”

చెంచమ్మ మంచం పక్కన కూలబడింది. తిట్టి ఉంటే బాగుండు. సుల్తాన్‌బీ తిట్టలేదు, ఆమె చెయ్యి పట్టుకుంది.

“నన్నట్టా పోనీబాక చెంచమ్మా. నా గొంతులో ఆఖరి నీళ్ళు నువ్వే పొయ్యాల. నాకింకెవురుండారు?”

“పోస్తానక్కా. సముద్రం సాచ్చిగా పోస్తా,” అంది చెంచమ్మ ఏడుస్తూ.

ఆ తర్వాత కొద్దిరోజులకు సుల్తాన్‌బీకి ఆ గుసగుస కూడా పోయింది. గొంతు పూర్తిగా మూతపడింది. సరిగ్గా అప్పటినుంచే చెంచమ్మకు పిలుపు వినిపించడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం, అందరూ పడుకున్నాక, లోపల నుంచి, మెల్లగా, ఒక్కసారి. ‘చెంచమ్మా.’

తక్కినవాళ్ళు ఎవరికీ వినపడేది కాదు. వడగాలి హోరు అన్నారు. చెంచమ్మ చేట తీసుకుని వంటింటి వెనక్కి మారింది. పిలుపు అక్కడికీ వచ్చింది. చెవుల్లో పైట కొంగు కుక్కుకుంది. కొంగు సందుల్లోంచీ వచ్చింది. మాలకొండమ్మ మంచం మీద పడుకోమంటే ఏ ముసలమ్మా ఒప్పుకోకపోవడంతో పరుపు తీసేసి, ఒట్టి నవారు మంచాన్ని అలాగే ఉంచారు. దాని పక్కగా నడవాలంటే చెంచమ్మ గోడకు అతుక్కుపోయేది. మునెయ్యను ఏ దయ్యమో తీసుకుపోయినట్టు, తనను తీసుకుపోవడానికే మాలకొండమ్మ పిలుస్తోందని ఆమె నమ్మకం. చావంటే భయమే, కాదనను. కానీ అంతకు మించిన భయం ఇంకొకటుంది. తాను పోతే సుల్తాన్‌బీ గొంతులో నీళ్ళు పోసేదెవరు? అందుకని పలకకుండా పళ్ళు బిగబట్టుకుని రోజులు నెట్టింది.

ఒకరోజు నవోమి మందుల కోసం కావలి వెళ్ళింది. “సుల్తాన్‌బీని కనిపెట్టుకోనుండు. ఆమె ఎక్కువ రోజులుండదు,” అని చెప్పి మరీ వెళ్ళింది. మధ్యాహ్నం చెంచమ్మ వెళ్ళి చూసింది. సుల్తాన్‌బీ నిద్రపోతోంది, ఊపిరి సాఫీగానే ఆడుతోంది. పిలుపు వచ్చే వేళయిందని గబగబా వరండాలోకి వచ్చి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది.

‘చెంచమ్మా.’

కళ్ళు మూసుకుంది. అలవాటు కొద్దీ రెండో పిలుపు కోసం చూసింది. అలా చూస్తూండగానే, ఆనాడు కూడా ఇలాగే చూస్తూ కూర్చున్నానని గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యమేసింది. బతికుండగా పిలిస్తే పలకలేదు. చచ్చి పిలుస్తున్నా పలకకపోతే నేనేం మనిషిని?

“వస్తా ఉండానక్కా!” అని అరిచి లోపలికి పరిగెత్తింది.

సుల్తాన్‌బీ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఊపిరి అందక ఎగపోస్తోంది. చెయ్యి నీళ్ళకోసం గాలిలో తడుముకుంటోంది. చెంచమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, నోట్లో కొద్దికొద్దిగా నీళ్ళు పోసింది. ఒక గుక్క దిగింది. పెదవులు కదిలాయి, మాట లేదు. ఆమె ఏమనబోతోందో తెలిసి, ఆమె బదులు చెంచమ్మే “అల్లా, అల్లా” అంది. రెండో గుక్క పెదవి చివర నుంచి జారిపోయింది. కళ్ళలో బెదురు తగ్గి, చూపు ఆగిపోయింది.

సాయంత్రం కావలి నుంచి మసీదు పెద్దలు వచ్చి తీసుకుపోయారు. అప్పటికి తిరిగొచ్చిన నవోమి చెంచమ్మ భుజం మీద చెయ్యి వేసి, “సమయానికి ఎట్టా పోయినావమ్మే లోపలికి?” అని అడిగింది.

“పిలిచింది.”

“ఆమెకు గొంతేదీ?”

“ఆమె కాదు,” అంది చెంచమ్మ.

ఇన్నాళ్ళూ మాలకొండమ్మ పిలిచింది తనను తీసుకుపోవడానికి కాదు, ఈ పనికేనని చెంచమ్మకు అర్థమైంది. పని అయిపోయింది, ఇక పిలవదని కూడా అనుకుంది. అన్నం తిని, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వినిపించింది.

‘చెంచమ్మా.’

ఆ మూల ఇప్పుడు ఎవరూ లేరు. రెండు మంచాలూ ఖాళీ. చెంచమ్మ రెండో పిలుపు కోసం చూడలేదు. “ఓయ్” అంటూ లేచి, కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని లోపలికి వెళ్ళింది. మాలకొండమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“ముందు ఆమెకు పోయించినావు,” అంది. “ఇప్పుడు నీకా అక్కా?”

తల ఉండేచోట, నోరు ఉండేచోట, సన్నటి ధారగా నీళ్ళు పోసింది. చెంబు ఖాళీ అయిపోయింది. వంగి చూస్తే మంచం కింద నేలమీద ఒక్క చుక్క లేదు. నవారు మీద చెయ్యి వేసింది. పొడిగా ఉంది.

“అయ్యో, ఎంత దప్పికతో ఉండావక్కా,” అని భోరుమని ఏడుస్తూ ఇంకో చెంబుకు లేచింది.