చీఫ్‌గారి ఆవు ఆకలి

అరప్ మెట్టో ప్రభుత్వం తరఫున ఊరి పెత్తనం చూసే అసిస్టెంట్ చీఫ్ ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైంది. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసు, కప్‌చెమో ఊరికి తెలుసు, ఆయన భార్య తాప్రందిచ్‌కి మరీ బాగా తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే. ఇప్పటికీ ఖాకీ యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని, చేతికర్ర చంకన పెట్టుకుని, పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడేవాడు. పాల క్యాన్లు మోసుకొచ్చిన వాళ్లు వరసలో సరిగా నిలబడ్డారో లేదో చూసేవాడు. ఆయన్ని రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. నంది కొండల్లో ఆ వేళప్పుడు చలి కొరికేస్తూ ఉంటుంది. గొడవ పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

యూనిఫారం తర్వాత ఆయనకు అంత గర్వం ఆవు మీదే. ఎల్డోరెట్ పట్నం వైపు ఒక పెద్ద ఫారంలో కొన్న ఫ్రీసియన్ జాతి ఆవు. నలుపూ తెలుపూ మచ్చలతో, గేటంత పొదుగుతో, నడుస్తుంటే ఊరేగింపులా ఉండేది. దానికి మల్కియా అని పేరు పెట్టాడు, రాణి అని. ఈనిన తర్వాత అది ఇచ్చిన పాలు చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. ఆయన ఆ వేలు దింపనివ్వలేదు. ఎదురుపడ్డ ప్రతివాడికీ పాల లెక్క చెప్పి, వాడి ఆవు సంగతి అడిగి, జాలిపడి, అప్పుడు వదిలేవాడు.

గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరు జెబిచీ వచ్చినప్పుడు మల్కియా పాక గోడ నాకుతోంది. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి ఆవు చుట్టూ తిరిగి చూసింది. వెంట్రుకలు గరుకుగా లేచి ఉన్నాయి. పక్కటెముకలు బయటపడుతున్నాయి. గడ్డితొట్టి పక్కన ఎప్పటిదో గొర్రె ఎముక, నమిలి నమిలి నున్నగా ఉంది.

"చీఫ్‌గారూ, దీనికి లవణాల పొడి పెడుతున్నారా?"

"పండగకి గుప్పెడు ఉప్పు పెడతాం. మా గడ్డి చూశావా? కళ్లు చెదిరే పచ్చదనం. ఇంకేం కావాలి?"

"పచ్చదనం కంటికండీ. దీని ఒంటికి భాస్వరం కావాలి, కాల్షియం కావాలి, రోజూ ఉప్పు కావాలి. బిందెలకి బిందెలు పాలు పిండుకుంటున్నారు. ఆ పాలతోపాటు దాని ఎముకల్లో సారం కూడా పోతోంది. అది చాలకే గోడలు నాకుతోంది, ఎముకలు నములుతోంది. ఇలాగే వదిలేస్తే ఏది దొరికితే అది మింగుతుంది."

"మా తాతలు ఆవులకి పొడులు పెట్టారా?"

"మీ తాతగారు ఆవుల్ని వాగు ఒడ్డున ఉప్పుమట్టికి తోలుకెళ్లేవారు. ఆ ఆవులు ఇచ్చే పాలతో ఒక సొరబుర్ర కూడా నిండేది కాదు. మీరు దీన్ని కంచె దాటనివ్వరాయె."

"రాణి కంచె దాటదు," అన్నాడు మెట్టో, అదేదో రాజ్యాంగంలో ఉన్నట్టు.

అసలు ఆయన చెవికి మాట ఎక్కలేదు. జెబిచీ వాళ్లమ్మ రాగిసారా కాస్తోందని ఒకప్పుడు ఆవిణ్ణి పట్టుకెళ్లి లోపల వేసింది ఆయనే. తాను సారా కుండ బద్దలుకొట్టిన ఇంటి పిల్ల వచ్చి తన ఆవుకి వంక పెట్టడమా? డాక్టరమ్మ వెళ్లాక భార్యతో, "పొడులు అమ్ముకునే ఎత్తు," అన్నాడు.

"ఆవిడేం అమ్మలేదు కదయ్యా," అంది తాప్రందిచ్.

"అదే ఎత్తు," అన్నాడు.

ఆ తర్వాతే ఊళ్లో బట్టలు పోవడం మొదలైంది. ముందు పక్కింటి పసివాడి స్వెట్టరు పోయింది. తర్వాత ఒక లంగా, రెండు దుప్పటి ముక్కలు. ఆదివారం కోసం ఉతికి ఆరేసిన చర్చి గాయకురాలు ప్రిస్కా నీలం గౌను, తెల్ల కాలరుతో సహా మాయమైంది. ప్రిస్కా గొంతు పెద్దది. పాటలో ఎంత వినిపిస్తుందో తిట్లలో అంతకు మించి వినిపిస్తుంది.

మెట్టోకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి ఒక నేరం దొరికింది! ఇంటింటికీ తిరిగి దండేలు పరిశీలించాడు, బట్టలు తగిలించే క్లిప్పులు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. చివరికి దొంగని తేల్చేశాడు: సాంబు. తేయాకు తోటల్లో కూలికి పోయే మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు, అడ్డదారిన ఇంటికెళ్లే అలవాటు. ఆ అడ్డదారి దండేల పక్కనుంచే పోతుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పాలకేంద్రం ముందు పంచాయితీ పెట్టించాడు.

"నేను తీయలేదు చీఫ్‌గారూ," అన్నాడు సాంబు. "నా చొక్కా కూడా పోయింది. ఎర్ర గళ్లది. నాకున్న మంచి చొక్కా అదొక్కటే."

"చూశారా, నాటకం! దొంగ తెలివైనవాడైతే ముందు తన చొక్కానే మాయం చేస్తాడు. ఎవరూ అనుమానించకుండా."

ఆ తర్కానికి పెద్దలు తలలూపారు. నిజానికి వాళ్ల చూపు సాంబు మేక మీద ఉంది. మేక జరిమానా అని చీఫ్‌గారు తీర్పు చెప్పగానే ఆ తలలు ఇంకా గట్టిగా ఊగాయి. మేకని అక్కడే కోశారు, అక్కడే కాల్చారు. ప్రిస్కా మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద వండింది. పోయిన గౌను దుఃఖంలో కూడా రెండుసార్లు వడ్డించుకుంది. న్యాయం జరిగితే ఇంత రుచిగా ఉంటుందని ఊరికి చాలాకాలం తర్వాత తెలిసింది. సాంబు మాత్రం కాసేపు నిలబడి చూసి, అడ్డదారి కాకుండా చుట్టుదారిన ఇంటికి పోయాడు.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం మెట్టో పాక వెనక్కి వెళ్లాడు. ముళ్లకంచెలో ఆవు పట్టేంత సందు ఉంది. సందుకి ఇవతల మల్కియా తీరిగ్గా నమలుతోంది. ఎప్పుడు లాక్కొచ్చి ఇక్కడ పడేసుకుందో, సగం నమిలిన నీలం గుడ్డ దాని నోట్లోంచి వేలాడుతోంది. గుడ్డ చివర తెల్ల కాలరు.

ఆయన గుడ్డ పట్టుకుని లాగాడు. మల్కియా అటు లాగింది. కాలరు ఈయన చేతికొచ్చింది, గౌను రాణిగారి కడుపులోకి పోయింది. ఆ కాలరుని గబగబా జేబులో కుక్కుకున్నాడు. మేక గుర్తొచ్చింది. అందులో మెత్తటి ముక్క తానే తిన్నానని కూడా గుర్తొచ్చింది. వెళ్లి చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ చెబితే చీఫ్ మాటకి విలువ పోతుంది. చీఫ్ మాటకి విలువ పోతే చట్టానికి విలువ పోతుంది. చట్టానికి విలువ పోతే దేశం ఏమైపోతుంది? కాబట్టి దేశం కోసం కాలరుని పెంటకుప్పలో పాతేసి, కంచె సందులో ముళ్లకంప కుక్కి, మర్నాడు పాలకేంద్రంలో దొంగతనాల గురించి ఇంకాస్త గట్టిగా ఉపన్యసించాడు.

కానీ మల్కియాకి దేశభక్తి లేదు. ముళ్లకంప వేసిన కొద్దిరోజులకే మేత మానేసింది. నెమరు వేయడం ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బింది. పాలు చెంబుకి దిగాయి. మెట్టో వేడినీళ్లు తాగించాడు, నూనె తాగించాడు, పాస్టరుని పిలిచి ప్రార్థన చేయించాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ మల్కియా పాస్టరు కోటు అంచు నాకుతూనే ఉంది.

"డాక్టరమ్మని పిలుస్తున్నా," అంది తాప్రందిచ్.

"వద్దు! అదే తగ్గిపోతుంది."

"ఆవు చచ్చాక యూనిఫారం పితుక్కుంటావా?" అని ఆవిడ ఫోన్ చేసేసింది.

జెబిచీ వచ్చి డొక్క నొక్కి చూసింది. "ఏం తిందండీ?"

"గడ్డి," అన్నాడు మెట్టో.

"గడ్డి ఇంత గట్టిగా ఉండదు. కోసి తీయాలి."

చీఫ్‌గారి ఆవుని నిలబెట్టి కోస్తున్నారనే కబురు క్షణాల్లో పాకింది. పాలకేంద్రం ఖాళీ అయ్యింది. ఊరంతా కంచె చుట్టూ చేరింది. జెబిచీ డొక్క గొరిగి, తిమ్మిరి మందు పొడిచి, చర్మం కోసి, పొట్ట సంచి కోసి, భుజందాకా తొడుగు వేసుకున్న చెయ్యి లోపలికి పెట్టింది. మల్కియా నిమ్మళంగా నిలబడి జనాన్ని చూస్తోంది. దాని యజమాని నిమ్మళంగా లేడు.

"అందరూ ఇళ్లకి పోండి! ఇది ప్రైవేటు ఆవు!" అని అరిచాడు. ఒక్కరూ కదల్లేదు.

ముందు ప్లాస్టిక్ సంచి వచ్చింది. తర్వాత తాడు ముక్క, రబ్బరు బూటు మడమ. తర్వాత ఉండలా చుట్టుకుపోయిన ఒక పెద్ద గుడ్డ. జెబిచీ దాన్ని బకెట్ నీళ్లలో జాడించి విప్పింది.

"అయ్యో, నా లంగా!" అని ఒకావిడ కేక వేసి, వెంటనే ఎందుకు వేశానా అన్నట్టు నోరు మూసుకుంది.

పసివాడి స్వెట్టరు వచ్చింది. కాలరు లేని నీలం గౌను వచ్చింది. ప్రిస్కా తిట్టడం మరిచి కాలరు కోసం బకెట్లోకి తొంగి చూసింది. చిట్టచివర ఎర్ర గళ్ల చొక్కా వచ్చింది.

జనం పక్కకి తప్పుకుని సాంబుకి దారిచ్చారు. అతను వచ్చి తడి చొక్కాని చూశాడు.

"డాక్టరమ్మా, ఇంకోసారి చెయ్యి పెట్టి చూస్తారా? నా మేక కూడా లోపల ఉందేమో."

"మేక ఉండదు సాంబూ," అంది జెబిచీ.

"ఉండదులెండి. అది వీళ్ల పొట్టల్లో ఉంది." కంచె చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూశాడు. "మరి వాళ్లనెప్పుడు కోస్తారు?"

చీఫ్‌ని నాలుగు మాటలు అందామని వచ్చిన పెద్దలకి ఒక్కసారిగా వేరే పనులు తగిలాయి. ఒకడు కంచె కొయ్య ఎంత గట్టిగా ఉందో పరీక్షించాడు. ఇంకొకడికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

"ఆవుకి నీతి లేదు," అన్నాడు మెట్టో నీరసంగా. "నేనేం చేయను?"

"దానికి లేనిది భాస్వరం," అంది జెబిచీ, కుట్లు వేస్తూ. "అది సంచుల్లో దొరుకుతుంది."

కొందరు నవ్వారు. తాప్రందిచ్ నవ్వలేదు. లోపలికి వెళ్లి మల్కియా పెయ్యదూడని తాడుతో తెచ్చి సాంబు చేతికిచ్చింది.

"ఏయ్, అది రాణి కూతురు!" అన్నాడు మెట్టో.

"అవును. ఎత్తుకుపోయింది వాళ్లమ్మే. ఎరువు తవ్వుతుంటే పెంటకుప్పలో కాలరు దొరికింది. అక్కడ ఎవరు పాతారో కూడా చెప్పనా?"

మెట్టో చేతికర్ర చంక మార్చుకుని ఆకాశం వైపు చూశాడు. సాంబు దూడని తోలుకుంటూ దండేల పక్కనున్న అడ్డదారినే పోయాడు.

మల్కియా కోలుకుంది. డాక్టరమ్మ భాస్వరం సూదులు వేసింది. రోజూ దాణాలో లవణాల పొడి కలపమంది, పాకలో ఉప్పు దిమ్మ కట్టమంది. ఆ పని తాప్రందిచ్ చేసింది. నెలలు గడిచేసరికి వెంట్రుకలు మెరిశాయి, పాలు పెరిగాయి. గోడనీ బట్టల్నీ అది కన్నెత్తి చూడడం మానేసింది.

మెట్టో కొంతకాలం ఇంటిపట్టునే ఉన్నాడు. తర్వాత ఒక పొద్దున్న ఇస్త్రీ యూనిఫారంలో పాలకేంద్రం దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"సోదరులారా, ఆవు గోడ నాకిందంటే అర్థమేమిటి? లవణ లోపం! పచ్చగడ్డిని చూసి మోసపోకండి. నా స్వానుభవంతో కనిపెట్టిన విషయమిది."

భాస్వరం గురించి చెప్పాడు, కాల్షియం గురించి చెప్పాడు, ఎముకలు నమిలితే వచ్చే ప్రమాదం గురించి చెప్పాడు. ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. వినేవాళ్లకి ఒళ్లు మండిందంటే అందుకే.

అయినా ఆ నెలలో ఊరంతా పొడి కొన్నారు. ఎవరు చెప్పారని కొట్టువాడు అడిగితే మాత్రం ప్రతివాడూ డాక్టరమ్మ చెప్పిందనే అన్నాడు.