చెరకు కింది నీళ్ళు

బూట్ల తాళ్ళు బిగించుకుంటూనే ప్రేమీ అవ్వకి తాను గీసిన మ్యాపు గురించి చెబుతోంది. డార్నల్ ఊరి వెనక వాగు పక్కన నాలుగు హెక్టార్ల చిత్తడి నేల. దాన్ని ఇకముందు దున్నకుండా వదిలేస్తానని యూజీన్ దొర ఇవాళ ఎనిమిదింటికి సంతకం పెడతాడు. తెల్లవాళ్ళతోపాటు అందరికీ ఓటొచ్చిన ఎన్నికలు జరిగి రెండేళ్ళయినా తెల్ల ఎస్టేటు యజమానిని దొర అనడం మాత్రం ఆ ఇంట్లో పోలేదు. సంతకం పడితే ప్రకృతి సంరక్షణ శాఖలో ప్రేమీ తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. లేదంటే ఎమ్మెస్సీ పట్టా చంకలో పెట్టుకుని అన్న కొట్లో కూర్చోవాలి.

అవ్వ గంగమ్మకి తొంభై దాటాయి. చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు.

"ఎందాకా గీసినావే పిల్లా?"

"చెరుకు మొదలయ్యేకాడికి, అవ్వా."

"ఆడే ఆపీసినావేటి? చెరుకు కిందా నీల్లే. పిక్కలదాకా దిగిపోయీవోలం. అందుకే కూలోల్ల సర్దారు ఆడోల్లని ఆడికే తోలీవోడు."

"ఆడ చెరుకు కదవ్వా!"

అనేశాక ప్రేమీకి తన తప్పు తెలిసింది. మూడు తరాలు చెరకు నరికిన ఇంట్లో పుట్టిన కన్ను అది. చెరకు కనపడగానే అది పొలమే అని తీర్మానించేసింది. అంత చదువూ చెరకు గట్టు దగ్గరే ఆగిపోయింది. అవతల ఒక్కచోట కూడా బరమా దించి మట్టి తీసి చూడలేదు.

ఎస్టేటుకి వెళ్ళే దారి పొడుగునా ఒకటే ఆలోచన. నోరు మూసుకుంటే సంతకం ఖాయం. నోరు విప్పితే ఉన్నదీ పోవచ్చు. నడుముకి వేలాడుతున్న తాళాలగుత్తి బండి కుదుపుకి గలగలమంటోంది. అందులో ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న రక్షిత అడవి గేటుది. చిన్నప్పుడు ఆ గేటు మీద తెల్లవాళ్ళకి మాత్రమే అన్న బోర్డు చదివి, మనల్ని రానివ్వరమ్మా అంటూ నాన్న కారు వెనక్కి తిప్పేశాడు. ఇప్పుడా తాళం చెవి తన దగ్గరే ఉంది. సగం పని చేసి ఊరుకోడానికి కాదు ఆ తాళం చెవి తనకిచ్చింది అనుకుంది ప్రేమీ.

యూజీన్ అప్పటికే చెరకు గట్టు దగ్గర పెన్ను తీసి నిలబడ్డాడు. ఎర్రగా కమిలిన మెడ, మోకాళ్ళదాకా మేజోళ్ళు.

"ఆ కాగితం తప్పండి. తప్పు నాదే" అంది ప్రేమీ.

అతను నోరు తెరిచేలోపే ఆమె చెరకులోకి నడిచింది. పన్నెండు సాళ్ళు దాటాక బరువంతా వేసి బరమా తిప్పింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మోకాలి లోతునుంచి బూడిదరంగు బంకమట్టి వచ్చింది, నిండా తుప్పురంగు చుక్కలు. ఏటా నెలల తరబడి నీళ్ళు నిలిస్తేగాని మట్టికి ఆ రంగు రాదు.

యూజీన్ వెనకే వచ్చి ఆ మట్టిని వేళ్ళతో నలిపాడు.

"మా నాన్న ఇక్కడ మూడుసార్లు కాలవ తవ్వించాడు. ఇప్పటికీ ఏటా ట్రాక్టరు దిగబడుతుంది. నీకెవరు చెప్పారు?"

"ఇక్కడ చెరకు నరికినావిడ. గంగమ్మ. మా అవ్వ."

అతను గట్టు మీదికి తిరిగి నడిచాడు. బండి బానెట్ మీద కాగితం పరిచి, ట్రాక్టరు దిగబడే మేరంతా కలిపి, నాలుగు కొట్టేసి పదకొండు హెక్టార్లని రాసి సంతకం పెట్టాడు. తిరుగుదారిలో ప్రేమీ బండి అద్దాలు దించి గొంతు చించుకుని పాడింది. బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు.

"పదకొండు, అవ్వా!" అంటూ వరండా ఎక్కి, బరమా కడగబోయింది.

"కడక్కే. ఇలా తే."

గంగమ్మ మొన తడిమి, మట్టి గిల్లి వాసన చూసింది. పళ్ళులేని నోరంతా నవ్వింది. "ఇదే. నా కాల్లు మింగీసిన మట్టి ఇదే. పోన్లే, ఇంక ఆడికెవుల్నీ తోలరు."

ప్రేమీ టీ పెట్టి తెచ్చేసరికి అవ్వ తల కుర్చీ వీపుకి వాలి ఉంది. నవ్వు అలాగే ఉంది, ఊపిరి లేదు. ప్రేమీ ఆమె పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది. గెలిచిన సంగతి విని మరీ వెళ్ళిందన్న సంతోషం ఆ ఏడుపులోనే ఉంది.

సాయంత్రం ఉంజింటో ఊరి నుంచి చుట్టాలు దిగేటప్పటికి కూడా బరమా గోడకి ఆనించే ఉంది, మొనకి బూడిదరంగు మట్టి, ఆ మట్టి మీద రెండు వేళ్ళు గిల్లిన గుర్తు.